కుక్కను కాపాడితేనే పొరుగువాడా?

ప్రశ్న: పది, పన్నెండేళ్ల పిల్లల కోసం తెలుగులో నవల రాస్తున్నాను. కథ 1966 వేసవిలో, చికాగో శివారులోని ఒక కల్పిత వీధిలో జరుగుతుంది. అందరూ తెల్లవాళ్లే ఉన్న ఆ వీధిలోకి ఒక నల్లజాతి కుటుంబం ఇల్లు కొనుక్కుని వస్తుంది. తండ్రి పోస్టాఫీసు ఉద్యోగి, తల్లి నర్సు. పిల్లలు మార్కస్, డెనీస్, కాల్విన్. పక్కింటి పదకొండేళ్ల తెల్లపిల్ల క్యారొల్ కథ చెబుతుంది, వాళ్లతో స్నేహం చేస్తుంది. ఎదురింటి మిసెస్ హార్పర్ వాళ్లను పంపించేయాలని సంతకాలు సేకరిస్తుంది. ఇల్లు అమ్మనివ్వకపోవడం దేశమంతటా నేరమని పోలీసులు ఆమెను హెచ్చరిస్తారు. చివర్లో చెరువులో పడ్డ ఆమె కుక్కను మార్కస్ కాపాడతాడు. ఆమె ఏడ్చి క్షమాపణ చెబుతుంది, వీధంతా ఒకటైపోతుంది. చదివిన స్నేహితురాలు ‘పాఠంలా ఉంది’ అంది. ఏడో తరగతి చదివే వాళ్లమ్మాయి ‘ఆ ముగ్గురూ ఒక్కసారి కూడా కొట్టుకోరేంటి?’ అని అడిగింది. రాతప్రతి కూడా పంపుతున్నాను. ఎక్కడ సరిచేయాలి? తిట్లు ఎంతవరకు రాయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ స్నేహితురాలి మాట కన్నా వాళ్లమ్మాయి ప్రశ్నే మీకు ఎక్కువ పనికొస్తుంది. వేసవి సెలవుల్లో, తెలిసినవాళ్లెవరూ లేని కొత్తచోట, ఒకే ఇంట్లో ఉన్న ముగ్గురు తోబుట్టువులు కొట్టుకోకుండా ఉన్నారంటే వాళ్లు పిల్లల్లా లేరు, పరీక్షకు కూర్చున్నవాళ్లలా ఉన్నారు. మీ నవలలో ప్రశ్నపత్రం వీధిది, జవాబులు రాసేది ఆ కుటుంబం, మార్కులు వేసేది మిసెస్ హార్పర్. కుక్క ఘట్టం ఆఖరి ప్రశ్న. మార్కస్‌కు ఈత రాకపోయుంటే? డబ్బు కట్టి ఇల్లు కొనుక్కుని, పొద్దున్నే లేచి ఉద్యోగాలకు పోయే కుటుంబానికి ఆ వీధిలో ఉండే హక్కు లేకుండా పోయేదా? మీరు ఆ మాట అనలేదు, కథ అనేసింది.

ఈ మూసకు పాత చరిత్రే ఉంది. 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త అమెరికాలో 63 ప్రచురణ సంస్థలు మూడేళ్లలో వేసిన 5,206 పిల్లల పుస్తకాల లెక్క తీస్తే, ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించేవి 349 మాత్రమే తేలాయి. తర్వాత సంఖ్య పెరిగింది. పెరిగినవి ఎలాంటివో రుడీన్ సిమ్స్ అనే పరిశోధకురాలు చూశారు. 1965–79 మధ్య వచ్చిన 150 పుస్తకాలను పరిశీలించి 1982లో ఆమె వేరుచేసి చూపించిన ఒక వర్గం సరిగ్గా మీ నవల లాంటిదే: ముఖ్యంగా తెల్లపిల్లల మనసు మెత్తబడాలని రాసినవి. వాటిలో నల్లజాతి పిల్లలు ఉంటారు గాని కథ వాళ్లది కాదు. మీరు చెడ్డ పని చేస్తున్నారని కాదు, ఎప్పుడో అరిగిపోయిన దారిలో పడ్డారని చెప్పడానికే ఇది.

ముందు ఒక పని చేయండి. రాతప్రతిని రెండు రంగుల పెన్సిళ్లు పట్టుకుని చదవండి. క్యారొల్ తీసుకున్న ప్రతి నిర్ణయం కింద ఎర్రగీత, కొత్త కుటుంబంలో ఎవరైనా తీసుకున్న ప్రతి నిర్ణయం కింద నీలిగీత గీయండి. ఏడవడం, భయపడడం, థాంక్స్ చెప్పడం నిర్ణయాల లెక్కలోకి రావు. సైకిలు దాచేయడం, ఉత్తరం చింపేయడం, పిలిచినా వెళ్లకపోవడం వస్తాయి. మొత్తం గీతల్లో నీలివి మూడో వంతుకు తగ్గితే, సంభాషణలు ఎంత చెక్కినా లాభం లేదు, ఘట్టాలే మార్చాలి. మీరు చెప్పిన కథాసారంలో నాకు నీలిగీతకు తగినవి రెండే కనిపించాయి: ఇల్లు కొనడం, కుక్క కోసం నీళ్లలో దూకడం.

క్యారొల్ చేత కథ చెప్పించడం తప్పు కాదు. డెనీస్ గొంతుతో రాయాలంటే 1966 నాటి చికాగో దక్షిణభాగంలోని నల్లజాతి పేటలు, వాళ్ల చర్చి, బడి, ఇంటి మాటతీరు లోపలినుంచి తెలిసి ఉండాలి. అది పుస్తకాలు చదివి నాలుగు నెలల్లో వచ్చేది కాదు. క్యారొల్‌నే ఉంచండి. కాకపోతే ఆమెకు సగమే తెలియాలి. శనివారం పొద్దున వాళ్ల కారు వెళ్లిపోతుంది, చీకటిపడ్డాక వస్తుంది. ఎందుకో ఆమెకు తెలియదు. ఐదారు అధ్యాయాలయ్యాక గాని తెలియదు: శివారులోని మంగలి షాపులో మార్కస్‌కు జుట్టు కత్తిరించరు, అందుకే పాత పేట దాకా పోవాలి. అమ్మమ్మ అక్కడే, పాత స్నేహితులూ అక్కడే. ఇల్లు మారడం వల్ల ఈ పిల్లలు పోగొట్టుకున్నది కూడా ఉందని పాఠకుడికి తెలిసేది అలాంటి చోటనే. మీ ప్రతిలో వాళ్లు చీకట్లోంచి వెలుగులోకి వచ్చినట్టు వచ్చారు. పాత పేట అంటే మీకు వట్టి ఇరుకు. డెనీస్‌కు అది తాడాట ఆడే జట్టు.

ముగ్గురికీ రంగుతో సంబంధం లేని కోరిక ఒక్కొక్కటి మొదటి మూడు అధ్యాయాల్లోనే పెట్టండి. మార్కస్ పాత బడి బ్యాండులో ట్రాంబోన్ వాయించేవాడు, కొత్త బడి వాద్యం ఇస్తుందో లేదో. డెనీస్‌కు కొత్త స్నేహితురాలు అక్కర్లేదు, ఉన్న స్నేహితురాలి ఉత్తరం కావాలి. ఆరేళ్ల కాల్విన్‌కు వీధి చివరి దాకా ఒంటరిగా సైకిలు తొక్కాలని ఉంది. ఇప్పుడు తల్లిదండ్రులు పెట్టిన నియమాలు తెండి: ఎవరి పచ్చికలోనూ కాలు పెట్టొద్దు, వీధిదీపాలు వెలిగేలోపు ఇంట్లో ఉండాలి, షాపులో కొన్న వస్తువు రసీదు చేతిలోనే పట్టుకోవాలి. కాల్విన్ నియమం తప్పుతాడు, మాటపడేది డెనీస్, ఆమె వాడి సైకిలు గొలుసు ఊడదీస్తుంది. ఏడో తరగతి అమ్మాయి అడిగిన కొట్లాట ఇదే. దానికోసం ప్రత్యేకంగా ఘట్టం కల్పించనక్కర్లేదు. ఆ వీధి ఒత్తిడే ఇంట్లోకి వచ్చి పిల్లల మధ్య పేలుతుంది.

ఇక మిసెస్ హార్పర్. ఒక్క చెడ్డ ముసలమ్మ మీదకు ద్వేషమంతా నెట్టేస్తే వీధిలో మిగతావాళ్లంతా కడుక్కున్న చేతులతో బయటపడతారు. అసలు జరిగింది అది కాదు. ఇళ్ల దస్తావేజుల్లోనే ‘తెల్లవారికి తప్ప అమ్మరాదు, అద్దెకివ్వరాదు’ అనే షరతు రాసుకునేవారు. అలాంటి షరతును కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. కోర్టు అమలు చేయదంది గాని, జనం తమలో తాము పాటించుకోకుండా ఆపలేదు. 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల పటాలు గీయించి పేటలకు నాలుగు రంగులు వేసింది. నల్లజాతివాళ్లు ఉండే పేటలకు ఎరుపు, అంటే అక్కడ అప్పివ్వడం ప్రమాదం అని. ఇళ్ల అప్పులకు హామీ ఇచ్చే ప్రభుత్వ శాఖ కూడా చాలాకాలం అదే ధోరణిలో నడిచింది. బ్యాంకు అప్పు పుట్టని నల్లజాతి కుటుంబాలు చికాగోలో వాయిదాల ఒప్పందం మీద ఇళ్లు కొనేవి. అసలు ధరకు దాదాపు రెట్టింపు చెప్పేవారు. ఆఖరి వాయిదా కట్టేదాకా ఇల్లు పేరు మీదకు రాదు. ఒక్క వాయిదా తప్పినా ఇల్లూ పోయేది, అప్పటిదాకా కట్టిన డబ్బూ పోయేది. మీ నవలలో తల్లి అక్క కుటుంబం అలా ఇల్లు పోగొట్టుకుందనుకోండి. నెలాఖరున ఆ తల్లి డబ్బు రెండుసార్లు ఎందుకు లెక్కపెడుతుందో చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు.

ఇంకొక మనిషి మీ వీధిలో తప్పకుండా తిరగాలి: ఇళ్ల దళారి. ఒక నల్లజాతి కుటుంబం రాగానే ఇంటింటికీ ఫోన్ చేసి, ధరలు పడిపోకముందే అమ్మేసుకోండని భయపెట్టి, చవగ్గా కొని, ఆ ఇంటినే నల్లజాతి కుటుంబానికి హెచ్చు ధరకు అమ్మేవాళ్లు అప్పట్లో చాలామంది. భయం పుట్టించడానికి నల్లజాతి తల్లికి డబ్బిచ్చి, పసిబిడ్డ బండి తోసుకుంటూ ఆ వీధిలో నడిపించిన దళారులూ ఉన్నారు. ధర పడుతుందన్న పుకారు నమ్మి పదిమంది ఒకేసారి అమ్మకానికి పెడితే ధర నిజంగానే పడుతుంది. తప్పు కొత్తవాళ్ల మీదకు పోతుంది, లాభం దళారికి పోతుంది. మీ నవలలో అందరికన్నా మర్యాదగా మాట్లాడేవాడు, పిల్లలకు పిప్పరమెంటు బిళ్లలు పంచేవాడు ఇతనే కావాలి. పిల్లల పుస్తకంలో ఇంత ఆర్థికశాస్త్రం దేనికి అంటారా? పదేళ్ల పిల్లకు ‘వాళ్లు చెడ్డవాళ్లు’ అన్నది ఒక్క నిమిషంలో అర్థమై, మరునాటికి మరుపొస్తుంది. ‘మా నాన్న మంచివాడే, ఉన్న డబ్బంతా ఈ ఇంట్లో పెట్టాడు, భయపడి సంతకం చేశాడు’ అన్నది అంత తేలిగ్గా వదలదు.

అందుకే సంతకాల కాగితాన్ని మిసెస్ హార్పర్ చేతిలోంచి తీసి వీధిలోకి వదలండి. ఎవరింటి టైపు మిషన్ మీద కొట్టారు, మొదటి సంతకం ఎవరిది, ఎవరు పెన్ను దొరకలేదని తప్పించుకున్నారు, ఎవరు చేయి వణికి మరీ చేశారు, ఇవన్నీ ఘట్టాలే. వీధిలో పద్నాలుగు ఇళ్లుంటే ఎవరేం చేశారో ముందే పట్టిక వేసుకోండి. సంతకం చేసినవాళ్లు, చేయకుండానే ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లు, ‘నాకేం అభ్యంతరం లేదు కానీ’ అన్నవాళ్లు, చీకటిపడ్డాక వెనక గుమ్మంలోంచి కేకు తెచ్చి పగలు చూడనట్టు పోయేవాళ్లు, పగలు వచ్చి వరండాలో కూర్చునేవాళ్లు. చివరివాళ్లు ఒకటి రెండు ఇళ్లకు మించితే నమ్మశక్యంగా ఉండదు. క్యారొల్‌కు తన తండ్రి సంతకం కనబడాలి. ఇప్పుడు మీ ప్రతిలో ఆమె ఇంట్లో ఒక్కరికీ ఏ దురభిప్రాయమూ లేదు. అది మీ కథానాయిక మీద మీకున్న ముద్దు తప్ప మరేం కాదు.

చరిత్ర విషయంలో రెండు పెద్ద లోపాలున్నాయి. మొదటిది పోలీసుల హెచ్చరిక. జాతి చూసి ఇల్లు అమ్మననడాన్ని నిషేధించిన కేంద్ర గృహ చట్టం వచ్చింది 1968 ఏప్రిల్ 11న, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి. చికాగో నగరానికి 1963 నుంచి దళారులను కట్టడిచేసే నిబంధన ఉంది గాని అది శివారు ఊళ్లకు చెల్లదు. కాబట్టి 1966లో మీ పోలీసు ఆ మాట అనలేడు. అతను రాళ్లు విసిరినవాళ్లను చెదరగొట్టగలడు, లేదా కారులో కూర్చుని చూస్తూ ఉండగలడు. రెండోది ఇంకా పెద్దది. 1966 వేసవిలో కింగ్ చికాగోలోనే ఉన్నారు, ఇళ్ల వివక్ష మీదే ఊరేగింపులు నడిపారు. ఆగస్టు 5న మార్కెట్ (Marquette) పార్కు ప్రాంతంలో గుంపు విసిరిన రాయి ఆయన తలకు తగిలింది. మీ కథ జూన్‌లో మొదలై సెప్టెంబరులో ముగుస్తుంది, ఎవరింట్లోనూ టీవీ మోగదు. ఆ రాత్రి వార్తలు రెండిళ్లలోనూ వినబడాలి. ఒకింట్లో చూస్తూ కూర్చుంటారు, ఇంకో ఇంట్లో లేచి కట్టేస్తారు. ఎవరిల్లు ఏదో మీ ఇష్టం. పిల్లల తండ్రికి 1951 నాటి సిసెరో అల్లరి కూడా గుర్తుంటుంది. చికాగోను ఆనుకునే ఉన్న ఆ ఊళ్లో ఒక నల్లజాతి బస్సు డ్రైవరు కుటుంబం అద్దెకు దిగినందుకు వేలమంది పోగై సామాన్లు బయట పడేసి కాల్చారు, నేషనల్ గార్డు అనే సైనిక దళం దిగాల్సి వచ్చింది.

వీధిలో జరిగే వేధింపు ఎలా ఉంటుందో నమూనా కావాలంటే పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్ చూడండి. 1957 ఆగస్టులో విలియం, డైసీ మైయర్స్ అనే నల్లజాతి దంపతులు పిల్లలతో అక్కడ దిగారు. మొదట్లో గుంపులు, పగిలిన కిటికీ అద్దం, రాష్ట్ర పోలీసులు. ఆ తర్వాతిదే రచయితకు ఎక్కువ పనికొచ్చేది: వాళ్ల ఇంటి పక్కనే ఖాళీగా ఉన్న ఇంట్లో చేరి కాన్ఫెడరేట్ జెండా (బానిసత్వం నిలుపుకోవడానికి పోరాడిన దక్షిణ రాష్ట్రాల జెండా) ఎగరేసి, రాత్రింబవళ్లు పాటలు పెద్దగా పెట్టడం లాంటి వారాల తరబడి సాగిన రొద. కొందరు పొరుగువాళ్లు మైయర్స్ కుటుంబం వైపు నిలబడ్డారు. ప్రభుత్వం కోర్టుకెక్కి నిషేధపుటుత్తర్వు తెచ్చాక గాని అల్లరి ఆగలేదు. ఆ కుటుంబం 1961 దాకా అక్కడే ఉంది. ఒక్క రాయి ఒక్క పేజీలో పడి అయిపోతుంది. నిద్రపట్టనివ్వని పాట నాలుగు అధ్యాయాలు నడుస్తుంది.

క్యారొల్ విషయానికొస్తే, ఆమెకు తప్పులు కావాలి. వాళ్లు దిగిన రోజే ‘మీరు ఆఫ్రికా నుంచి వచ్చారా?’ అని అడగనివ్వండి. డెనీస్ జుట్టు ముట్టుకోనివ్వండి. ‘నేను మీలాంటివాళ్లతో కూడా స్నేహం చేస్తాను’ అని గొప్పగా అననివ్వండి. ఆ తప్పుకు క్షమాపణ అదే అధ్యాయంలో దొరక్కూడదు, కనీసం రెండు అధ్యాయాలు డెనీస్ తలుపు తీయకూడదు. ఇంకా ముఖ్యం, ఈ స్నేహంవల్ల క్యారొల్‌కు ఏదో పోవాలి: పాత స్నేహితురాళ్ల జట్టు, వారానికోసారి పక్కవీధి పాపను చూసుకునే పని. పోయినదానికి ఆఖర్లో బహుమతి ఇవ్వకండి.

తిట్ల సంగతి అడిగారు. ఈ వయసు పాఠకులకు ఆ తిట్టును అక్షరాలా రాయనక్కర్లేదని నా అభిప్రాయం. దాచితే తీవ్రత తగ్గుతుందనే వాళ్లున్నారు, ఆ వాదనలో కొంత నిజముంది. కాని తీవ్రత మాటలో కన్నా తర్వాతి క్షణంలో ఉంటుంది. ‘ఆ మాట అన్నాడు’ అని రాసి, వెంటనే క్యారొల్ కోపం మీదకు పోకుండా మార్కస్ దగ్గర ఒక పేజీ ఆగండి. అతను ఏం పట్టుకున్నాడు, ఎటు చూశాడు, తమ్ముడికి ఏం అబద్ధం చెప్పాడు. పుస్తకం మొత్తంలో ఒకసారి చాలు. మీ ప్రతిలో ఏడుసార్లు ఉంటే ఏడోసారికి పాఠకుడికి చలనం ఉండదు. తిట్టు కన్నా కనిపెట్టి తీసేయాల్సింది కథనంలో జారిపోయే ‘ఉన్నా’ను: ‘నల్లగా ఉన్నా ముఖం కళగా ఉంది’. ఆ వాక్యం క్యారొల్ తల్లి అంటే పాత్ర, మీరు రాస్తే దురభిప్రాయం. ఒంటి రంగును చాక్లెట్‌తో, కాఫీతో పోల్చకండి. నల్లజాతివాళ్లు వచ్చినప్పుడే రంగు చెప్పి, తెల్లవాళ్లకు చెప్పకుండా వదిలేస్తే, తెలుపే మామూలు అని పిల్లలకు నేర్పినట్టే. ఇద్దరికీ చెప్పండి, లేదా ఇద్దరికీ మానేయండి.

కుక్కను తీసేయమనను, దాన్ని ఆరో అధ్యాయంలోకి జరపండి. మార్కస్ దాన్ని చెరువులోంచి తెస్తాడు. మిసెస్ హార్పర్ తువ్వాలు ఇస్తుంది, థాంక్స్ చెబుతుంది, గుమ్మం లోపలికి మాత్రం పిలవదు. తొమ్మిదో అధ్యాయంలో సంతకం చేస్తుంది. మంచి పని చేస్తే మనసులు మారతాయని ఎదురుచూసే పాఠకుడికి అక్కడ కింద నేల కదులుతుంది, అసలు నవల అక్కడినుంచి మొదలవుతుంది.

ముగింపులో వీధంతా ఒకటి కానవసరం లేదు. పద్నాలుగు ఇళ్లలో రెండిళ్లు మాట్లాడుతున్నాయి, మూడిళ్లు అమ్మేశాయి, మిగతావి తలుపులు వేసుకున్నాయి అంటే చాలు. కలిసి ఉండడం నిజంగా జరిగిన చోట కూడా అది కౌగిలింతల వల్ల జరగలేదు. ఫిలడెల్ఫియాలోని వెస్ట్ మౌంట్ ఎయిరీలో 1950లలో చర్చిలు, యూదుల ప్రార్థనామందిరం కలిసి మొదలుపెట్టి, 1959లో పొరుగువాళ్ల సంఘంగా కుదురుకున్నారు. బెదిరి అమ్మొద్దని తెల్లవాళ్లకు నచ్చజెప్పడం, దళారులను ఆపడం, సమావేశాల మీద సమావేశాలు. మీ నవలలో పగలు వచ్చి కూర్చునే ఆ ఒక్క ఇంటి ఆవిడ చివరి అధ్యాయాల్లో ఇలాంటి సమావేశానికి కుర్చీలు సర్దుతుంటే, ఎనిమిది మందే వస్తే, అది క్షమాపణ కన్నా గట్టిగా నిలుస్తుంది. ఆ సమావేశానికి పిల్లల తల్లి రాకపోవడానికి కూడా హక్కుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, తనను ఉండనివ్వాలా వద్దా అన్న చర్చ ఆవిడ ఎందుకు వినాలి? ఆఖరి ఘట్టం మాత్రం ఆ ముగ్గురి కోరికల్లో ఒకదాని మీద పెట్టండి. ట్రాంబోన్ వచ్చిందా లేదా అన్నది తేల్చండి.

రెండో ప్రతి పూర్తయ్యాక, అచ్చుకిచ్చే ముందు, ఆ చరిత్ర ఎరిగిన ఆఫ్రికన్ అమెరికన్ పాఠకులు ఇద్దరి చేత చదివించండి. తెలుగు రాదు గనక అధ్యాయాల వారీ సారాంశం, ముఖ్యమైన పది ఘట్టాల పూర్తి అనువాదం ఇంగ్లీషులో ఇవ్వాలి. పనికి డబ్బు ఇవ్వండి, మొహమాటపెట్టి ఊరికే చేయించుకోవద్దు. ‘బాగుందా?’ అని అడిగితే మర్యాద కోసం బాగుందంటారు. అందుకని మూడే అడగండి: ఈ కుటుంబం ఎక్కడ అలా చేయదు? ఎక్కడ మరీ ఓర్పుగా ఉంది? ఇంట్లో వాళ్లు వాళ్లే ఉన్నప్పుడు మాట్లాడుకునేది ఏది తప్పిపోయింది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల కోసం రెండు అధ్యాయాల చోటు ఇప్పుడే ఖాళీగా ఉంచుకోండి.